పూటకూళ్ళిల్లు, సరాయి, పానశాల: వినియోగ పరిణామం – పునరుద్ధరణ (బందరు బాట నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

బాటసారికి అన్నం పెట్టిన ఇల్లు, పడక ఇచ్చిన సరాయి, పదిమంది కూర్చుని తాగి మాట్లాడుకున్న దుకాణం తెలుగువారి సామాజిక జీవితంలో ముఖ్యమైన స్థలాలు. గుడికి, కోటకు దక్కిన సంరక్షణ వీటికి దక్కలేదు. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే హైదరాబాదు–మచిలీపట్నం మార్గాన్ని, దానికి దక్షిణంగా ఉన్న మిర్యాలగూడ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకుని, ఈ స్థలాల వినియోగం ఎలా మారిందో సాహిత్యం, శాసనం, యాత్రాకథనాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కట్టడాల పునరుద్ధరణలో గోడతోపాటు వినియోగచరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలని, ఆ చరిత్రకు సాహిత్యం ప్రధాన ఆధారమని, అయితే ఆ ఆధారాన్ని కూడా విమర్శదృష్టితోనే చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పూటకూళ్ళిల్లు, సరాయి, కల్లు మండువ, పానశాల, క్రీడాభిరామం, కన్యాశుల్కం, పునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో సుమారు 135 కిలోమీటర్ల దూరంలో సూర్యాపేట, మరికొంత దూరంలో కోదాడ వస్తాయి. ఒకప్పుడు భానుపురిగా పేరున్న సూర్యాపేట నేటికీ ప్రయాణికులు దిగి టీ తాగే ఊరు. ఈ పట్టణానికి చేరువలోని పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్డి ప్రభువుల కాలపు శివాలయాలున్నాయి. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఆ రాతి స్తంభాలకు, శాసనాలకు, చిత్రాలకు రక్షణ ఉంది. వాటి మీద పరిశోధన ఉంది.

అదే దారిన నడిచిన వర్తకుడు, బండివాడు, సైనికుడు, కూలి ఎక్కడ తిన్నారు, ఎక్కడ తాగారు, ఎవరి పక్కన కూర్చున్నారు అని అడిగితే చూపించడానికి రాయి లేదు. ఆ స్థలాలు చాలావరకు మట్టిగోడలతో, తాటాకు కప్పులతో కట్టినవి. వాటిని నడిపినవారు ఎక్కువగా స్త్రీలు, వృత్తికులాలవారు. అందువల్ల అవి నిలవలేదు. అవి వారసత్వ సంపదగా ఎవరికీ తోచకపోవడానికి మాత్రం మన్నిక ఒక్కటే కారణం కాదు. ఏది కాపాడదగినది, ఏది కాదు అనే విలువల నిర్ణయం దాని వెనుక ఉంది. ఆ నిర్ణయాన్ని పరీక్షించే పని సాహిత్య విమర్శది కూడా. ఎందుకంటే ఆ స్థలాలకు మిగిలిన ఆనవాళ్ళలో అధికభాగం సాహిత్యంలోనే ఉంది.

2. పూటకూళ్ళిల్లు: సాక్ష్యం, దాని పరిమితి

పూటకింత అని వెల కట్టి కూడు పెట్టే ఇల్లు పూటకూళ్ళిల్లు. దీనికి కావ్యప్రసిద్ధి కలిగించినది ‘క్రీడాభిరామం’. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. కర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అనే చర్చ పండితుల మధ్య సాగింది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఒక రోజంతా ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన వింతలే ఇందులోని ఇతివృత్తం. ఆ తిరుగుడులో వారు పూటకూళ్ళింటి భోజనం దగ్గర ఆగుతారు. అక్కడ సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పప్పు, నెయ్యి, పెరుగు ఒక్క రూకకు దొరుకుతాయి.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మొదలుకొని సాంఘిక చరిత్రకారులు ఈ వర్ణనను ప్రధాన ఆధారంగా గ్రహించారు. వెల చెల్లించి పరాయివాడి ఇంట భోజనం చేయడం కాకతీయుల రాజధానిలో మామూలు విషయమని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఇది వీథి అనే రూపకం. హాస్యం, శృంగారం దీని ప్రధాన ధర్మాలు. పైగా భోజనశాలను చూపిస్తున్నది ఒక బ్రాహ్మణుని కన్ను. లోపల విస్తరి ముందు కూర్చున్నవారు కనిపిస్తారు గాని గడప బయట నిలిచినవారు కనిపించరు. కాబట్టి ఈ పద్యాలు పూటకూళ్ళింటి వంటకానికి చెప్పినంత గట్టిగా దాని ప్రవేశనియమానికి సాక్ష్యం చెప్పవు.

ఆ లోపాన్ని కొంతవరకు పూరించేది శాసనం. రుద్రమదేవి కాలంలో, 1261లో, విశ్వేశ్వర శివాచార్యుల ఆధ్వర్యంలో వెలసిన ధర్మసంస్థలను వివరించే మల్కాపురం శాసనం అక్కడి సత్రంలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టాలని విధించింది. కావ్యంలోనిది వెలకు దొరికే అన్నం, శాసనంలోనిది ధర్మానికి పెట్టే అన్నం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, తలుపు ఎవరికి తెరిచి ఉండాలి అనే ప్రశ్న ఆధునికులు కొత్తగా కల్పించినది కాదని, కాకతీయ యుగంలోనే రాతి మీదికెక్కిన ప్రశ్న అని స్పష్టమవుతుంది.

అన్నం దొరకని దారి కూడా సాహిత్యానికి వస్తువైంది. మిర్యాలగూడ ప్రాంతానికి కృష్ణానది అవతలి ఒడ్డున పల్నాడు ఉంది. ఆ సీమలో తిండికి, నీటికి పడిన పాట్లను ఎత్తిపొడుస్తూ శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఒక విధంగా పూటకూళ్ళిల్లు లేని చోటి కవిత్వమే. వాటిలో బాటసారి విసుగు వినిపిస్తుంది. ఆ జొన్నకూడే నిత్యాహారమైన రైతు మాట మాత్రం వినిపించదు.

3. బందరు బాట మీది సరాయి

గోలకొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. వజ్రాలు, వస్త్రాలు, గుర్రాలు, విదేశీ వర్తకులు రాజధానికీ ఆ రేవుకూ మధ్య తిరిగేవారు. ఆ మార్గంలో రాజధానికి దగ్గరి మజిలీ హయత్‌నగర్. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఈ ఊరిలో మసీదు, దాని ఆవరణ చుట్టూ వరుసగా ప్రయాణికుల గదులు, చేరువలో హాథీ బావలి అనే పెద్ద దిగుడుబావి ఉన్నాయి. ప్రార్థన, పడక, నీరు ఒకే చోట సమకూరడం ఈ నిర్మాణంలోని విశేషం.

పదిహేడవ శతాబ్దంలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో రాజధాని సమీపంలోని ఒక విడిదిని వర్ణించాడు. అక్కడ సాయంకాలం పేదలకు రొట్టె, అన్నం, కూర పంచేవారని, ఇతరులు వండినది తినని హిందువులకు పిండి, వెన్న ఇచ్చేవారని రాశాడు. ఇది చిన్న వివరమే అయినా అర్థవంతమైనది. ఆచారభేదం ఉన్నవారిని గడప దగ్గర ఆపకుండా, వారి ఆచారానికి తగిన సామగ్రి ఇచ్చి లోపల చోటు కల్పించిన ఏర్పాటు అది.

సరాయి పానశాల కాదు. ఆ పాత్ర నగరంలోని కల్లు దుకాణాలది. రోజూ ఐదారు వందల గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు గోలకొండ నగరంలోకి వచ్చేదని, దాని మీది పన్ను రాజుకు మంచి ఆదాయమని, వేశ్యల ఇళ్ళ దగ్గరే కల్లు దుకాణాలుండేవని తావెర్నియే పేర్కొన్నాడు. విదేశీ యాత్రికునికి వింతలమీద మక్కువ ఎక్కువ కాబట్టి అంకెలను యథాతథంగా స్వీకరించనక్కరలేదు. అయినా ఒక విషయంలో ఈ కథనం విలువైనది. తాగే చోటు ప్రభుత్వ ఖజానాకు కావలసిన చోటు, మర్యాదకు అక్కరలేని చోటు. ఈ ద్వంద్వస్థితి అప్పటికే ఏర్పడింది. తరువాతి మూడు శతాబ్దాలలో అది మారలేదు.

4. మండువ: కట్టడం లేని కట్టడం

నల్లగొండ సీమలో కల్లు తాగే చోటును మండువ అంటారు. దానికి గోడలుండాలనే నియమం లేదు. తాటిచెట్ల నీడ, ఒక పందిరి, లొట్టి, కల్లు పోసుకోవడానికి తాటాకు రేక, చేరువలో కాటమయ్యకో ఎల్లమ్మకో మొక్కే చోటు ఉంటే అదే మండువ. మోకు, ముస్తాదు ధరించి చెట్టెక్కే గౌడ వృత్తిదారుని శ్రమ మీద అది నిలిచి ఉంటుంది. పొద్దుగూకిన వేళ పొలం పని నుంచి వచ్చినవారు ఊరి ముచ్చట్లు, తగవులు, పెళ్ళిసంబంధాలు మాట్లాడుకున్న చోటు కూడా అదే.

నిజాం రాష్ట్రంలో అబ్కారీ రాబడి భూమిశిస్తు తరువాత చెప్పుకోదగిన ఆదాయం. చెట్టుకు పన్ను, దుకాణానికి గుత్త అనే పద్ధతిలో గుత్తేదారు లాభపడ్డాడు, గీతకార్మికుడు అప్పుల పాలయ్యాడు. అందువల్ల మండువను కేవలం సరసమైన సమావేశస్థలంగా చూపిస్తే అది అర్ధసత్యమే అవుతుంది. అది శ్రామికుని విశ్రాంతిస్థలం, అదే సమయంలో అతని కూలి డబ్బు చేజారే స్థలం.

ఈ ప్రాంతపు జీవితాన్ని నవలగా మలిచిన వట్టికోట ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లాలోనే పుట్టారు. ఉపాధ్యాయునికి వండిపెడుతూ చదువుకున్నారు, విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశారు. ఆ తరువాత దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తెలంగాణలో పుస్తకాన్ని ఊరూరికీ మోశారు. ‘ప్రజల మనిషి’ నవలలో ఊరిని కింది నుంచి చూసే దృష్టికి ఈ అనుభవం కూడా తోడ్పడిందని భావించవచ్చు. ‘క్రీడాభిరామం’లో భోజనశాల తినేవాడి వైపు నుంచి కనిపించింది. వడ్డించిన చేయి రచనకు పూనుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు వచ్చాక మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరిపొలాలకు, బియ్యం మిల్లులకు కేంద్రాలయ్యాయి. రహదారి నాలుగు వరుసలైంది. నడిచి వచ్చే బాటసారి స్థానంలో లారీ డ్రైవరు, మిల్లు కూలీ, కారు ప్రయాణికుడు వచ్చారు. పూటకూళ్ళింటి పనిని దాబాలు, హోటళ్ళు అందుకున్నాయి. మండువ పనిలో అధికభాగాన్ని వైన్ షాపు, బెల్టుషాపు అందుకున్నాయి. అయితే బెల్టుషాపులో కొనుగోలు ఉంది, కూర్చుని మాట్లాడుకునే చోటు లేదు. వినియోగంలో వచ్చిన ఈ మార్పు కట్టడంలో వచ్చిన మార్పుకంటే లోతైనది.

5. సారా దుకాణం: గురజాడ చూపు

పానస్థలాన్ని సామాజిక రంగస్థలంగా పూర్తిగా వినియోగించుకున్న తెలుగు రచన ‘కన్యాశుల్కం’. అందులో పూటకూళ్ళమ్మ ఉంది. సారా దుకాణమూ ఉంది. మొదటిది ఒక వితంతువు తన కాళ్ళ మీద తాను నిలబడటానికి ఎంచుకున్న జీవనోపాధి. ఆమె వంట తినడానికి అభ్యంతరం లేని సమాజం ఆమె నడవడిని వేలెత్తి చూపడానికి మాత్రం ముందుంటుంది. గిరీశం ఆమె దగ్గర తిని ఆమె డబ్బే కాజేస్తాడు.

సారా దుకాణం రంగంలో బైరాగి, హెడ్ కనిస్టీబు, హవల్దారు వంటివారు దుకాణదారు ఎదుట ఒకచోట చేరతారు. బయట వేరువేరుగా మసలేవారు లోపల ఒకే సరుకు తాగుతారు, తాగుతూనే ఎవరి మతం గొప్ప అని వాదించుకుంటారు. కులభేదం తాత్కాలికంగా సడలడం, మాట విచ్చలవిడిగా సాగడం, అధికారి సైతం అక్కడ మామూలు మనిషి కావడం ఈ రంగంలోని విశేషాలు. అయితే గురజాడ ఈ కలయికను ఆదర్శంగా చూపలేదు. మత్తు దిగగానే భేదాలు తిరిగి వస్తాయి. పైగా ఆ రంగంలో స్త్రీ లేదు. పానశాల ఇచ్చే స్వేచ్ఛ సగం సమాజానికే అనే విషయం ఆ గైర్హాజరీలో వ్యక్తమవుతుంది.

6. ప్రతీకగా పానశాల, గాయంగా సారా దుకాణం

తెలుగు పాఠకునికి పానశాల అనగానే గుర్తొచ్చేది దువ్వూరి రామిరెడ్డి కావ్యం. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు తెలుగురూపమైన ఆ కృతిలో పానశాల క్షణికజీవితానికి ప్రతీక. మధువు ఆలోచనకు ఆలంబనం. ఆ కావ్యంతో ఈ పదానికి సౌందర్యగౌరవం వచ్చింది. ఊరిలోని కల్లు దుకాణానికి మాత్రం ఆ గౌరవం అంటలేదు. పర్షియా పానశాల కవిత్వమైంది, తాటిచెట్టు కింది పానశాల వ్యసనంగానే మిగిలింది.

రామిరెడ్డిది నెల్లూరు జిల్లా. 1992లో సారా వ్యతిరేకోద్యమం మొదలైన దూబగుంట కూడా ఆ జిల్లాలోనిదే. అక్షరాస్యత తరగతులలో చదువుకున్న ‘సీతమ్మ కథ’ పాఠం ప్రేరణగా స్త్రీలు సారా దుకాణాలను మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండో నిషేధాన్ని 1997లో సడలించారు. గురజాడ రంగంలో గైర్హాజరైన స్త్రీ దాదాపు శతాబ్దం తరువాత దుకాణం గుమ్మం ముందుకు వచ్చి నిలిచింది. కాని ఆమె వచ్చింది లోపల కూర్చోవడానికి కాదు, తలుపు మూయించడానికి.

పానస్థలాల వారసత్వాన్ని గురించి మాట్లాడే ఏ వాదమైనా ఈ గుమ్మం ముందు ఆగి సమాధానం చెప్పాలి. కూడలిగా దాని జ్ఞాపకం నిజం. కుటుంబాలను కూల్చిన చోటుగా దాని జ్ఞాపకమూ నిజమే. తెలంగాణలో కల్లులో మత్తుమందుల కల్తీ నేటికీ ప్రాణాలమీదికి తెస్తున్న సమస్య. మొదటి జ్ఞాపకాన్ని మాత్రమే తలచుకుంటే అది విలాసం, రెండోదాన్ని మాత్రమే తలచుకుంటే శ్రమజీవుల సాంఘికచరిత్రలో ఒక అధ్యాయాన్ని చెరిపివేయడం.

7. పునరుద్ధరణ: మూడు స్థితులు

పాత కట్టడాల పునరుద్ధరణను వినియోగం దృష్టితో పరిశీలిస్తే మూడు స్థితులు కనిపిస్తాయి.

మొదటిది, కట్టడం ఉండి వినియోగం పోయిన స్థితి. గోలకొండ నుంచి బీదరు వెళ్ళే దారిలోని షేక్‌పేట సరాయి దీనికి ఉదాహరణ. రెండంతస్తుల గదులు, గుర్రాలు ఒంటెలు నిలిచే శాల, మసీదు కలిగిన ఈ కుతుబ్‌షాహీ కట్టడం చాలాకాలం శిథిలావస్థలో ఉంది. దాని పునరుద్ధరణ విషయంలో అడగవలసిన ప్రశ్న సున్నపు గచ్చు ఎంత చక్కగా కుదిరింది అన్నది ఒక్కటే కాదు. దారిన పోయే సామాన్యునికి అక్కడ మళ్ళీ చోటు ఉంటుందా అన్నది కూడా. టిక్కెట్టు కొని చూసి వెళ్ళే సరాయి చూడముచ్చటగా ఉండవచ్చు గాని అది సరాయి కాదు.

రెండవది, వినియోగం ఉండి కట్టడం లేని స్థితి. హైదరాబాదులో 2004లో మూతపడిన కల్లు దుకాణాలను తిరిగి తెరవడానికి 2014లో ప్రభుత్వం అనుమతించింది. గీతవృత్తి జీవనోపాధి ఆ నిర్ణయానికి ప్రధాన కారణం. ఇది ఒక వినియోగానికి జరిగిన పునరుద్ధరణ. కానీ ఆ స్థలానికి శుభ్రత, నీడ, కూర్చునే ఏర్పాటు, కల్తీ నుంచి రక్షణ కల్పించాలనే ఆలోచనకు తగిన చోటు దక్కలేదు. లైసెన్సు తిరిగి వచ్చింది, గౌరవం తిరిగి రాలేదు.

మూడవది, రెండింటినీ కలిపి నిలిపిన స్థితి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టు పునరుద్ధరణ పూర్తయి 2020లో తిరిగి ప్రారంభమైనప్పుడు అది వస్తుప్రదర్శనశాల కాలేదు, మార్కెట్టుగానే కొనసాగింది. పానశాల విషయంలో దీనికి సాటిరాగల ఉదాహరణ లండన్‌లో ఉంది. అక్కడి మైదా వేల్ ప్రాంతంలోని కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్బును 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా కూల్చివేశారు. స్థానికులు పోరాడారు. దానిని యథాతథంగా తిరిగి కట్టాలని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఆదేశించింది. అంతకుముందే నమోదైన వివరాల సాయంతో పునర్నిర్మించిన ఆ పబ్బు 2021 ఏప్రిల్‌లో మళ్ళీ తెరుచుకుంది. ఇంగ్లండులో 2011 నాటి స్థానికతా చట్టం ప్రకారం ఒక పబ్బును సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకునే వీలుంది. వయసు, అలంకరణ మాత్రమే కాక, చుట్టుపక్కలవారు కలుసుకునే చోటు కావడం కూడా ఒక కట్టడాన్ని కాపాడటానికి కారణం కాగలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

ఆ విధానాన్ని తెలుగునేలకు యథాతథంగా తేవడం సాధ్యం కాదు. ఇంగ్లండు పబ్బుకు ఇటుక గోడలు, వ్రాతపత్రాలు ఉన్నాయి. మండువకు చెట్టు, మాట మాత్రమే ఉన్నాయి. అక్కడ పబ్బు కుటుంబాలు కలిసి వెళ్ళే చోటు కాగలిగింది. ఇక్కడి సారా దుకాణం కుటుంబానికి ఎదురుగా నిలిచింది. కాబట్టి ఇక్కడ కాపాడవలసినది తాగుడును కాదు. తెలియని మనిషికి చోటిచ్చే పద్ధతిని, భిన్నవర్గాలు ఒకచోట కూర్చునే అవకాశాన్ని, ఆ చోటును నడిపిన శ్రమను, దానివల్ల నష్టపోయినవారి మాటను కాపాడాలి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• పూటకూళ్ళిల్లు, సరాయి, మండువ, సారా దుకాణం అనే నాలుగింటిలోనూ గడప ప్రధానాంశం. లోపలికి ఎవరు రాగలరు అనే దానిని బట్టే ఆ స్థలం స్వభావం ఏర్పడింది. వాటి చరిత్రను, పునరుద్ధరణను ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

• సాహిత్యం ఈ స్థలాలకు అమూల్యమైన ఆధారమే గాని పక్షపాతం లేని ఆధారం కాదు. ‘క్రీడాభిరామం’ను మల్కాపురం శాసనంతో, ‘పానశాల’ను దూబగుంటతో కలిపి చదివినప్పుడే పూర్తిచిత్రం లభిస్తుంది.

• సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో గీతకార్మికుల, పూటకూళ్ళు పెట్టిన స్త్రీల, దారి హోటళ్ళ పనివారల, సారా వ్యతిరేకోద్యమంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను మౌఖికచరిత్రగా నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. మోకు, ముస్తాదు, లొట్టి, రేక వంటి మాటలు వాటి సందర్భంతో సహా సేకరణకు రావాలి.

• మిగిలిన సరాయిల పునరుద్ధరణలో కొంత భాగమైనా నీరు, నీడ, తక్కువ ఖర్చులో భోజనం, విశ్రాంతి అందించే విధంగా ఉండటం వాటి మొదటి ప్రయోజనానికి న్యాయం చేయడం అవుతుంది.

పిల్లలమర్రి గుడిని కాపాడినందువల్ల ఆనాటి ప్రభువు ఏ దేవునికి మొక్కాడో తెలుస్తున్నది. అదే దారిలో అలసి ఆగిన సామాన్యునికి ఎవరు మంచినీళ్ళిచ్చారో కూడా తెలిసినప్పుడే ఆ బాట చరిత్ర పూర్తవుతుంది. ఆ రెండో చరిత్రకు రాతి ఆధారం తక్కువ కాబట్టి మాట ఆధారాన్ని భద్రపరచవలసిన బాధ్యత సాహిత్య పరిశోధకుల మీద ఎక్కువగా ఉంది.